పక్కింటి గోడ

నేను లా పాసయ్యాను! ఇప్పుడే ఫలితాలు వచ్చాయి. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని, ఇక లాయర్ని. ఫలితం చూసిన వెంటనే ఇది రాయడం మొదలుపెట్టాను. సంతోషంతోనే అనుకున్నాను. కాదు. సంతోషం ఒక్కటే అయితే ఇంట్లో వాళ్లని నిద్ర లేపేదాన్ని కదా? ముందు ఇది చదివే మీకెందుకు చెబుతున్నాను?

ఎందుకంటే, నేను చదివిన చట్టాన్ని మొట్టమొదట వాడింది ఒక మనిషి ఇల్లు పోగొట్టడానికి. ఇన్నేళ్లూ దాన్ని మోస్తూనే చదివాను.

కంచరపాలెంలో మా ఇంటికీ రమణమ్మ పిన్ని ఇంటికీ మధ్య ఒకటే గోడ. బాబాయి లేత్ షాపు కోసం ఇల్లు తాకట్టు పెట్టాడు. షాపు మూతపడింది. బ్యాంకువాళ్లు ఇల్లు వేలం వేస్తారని వీధంతా తెలిసింది. నాన్నకి ఆ ఇల్లు కలుపుకోవాలని ఆశ. అప్పుడు నేను లా మొదటి సంవత్సరం. "కొన్నాక ఆల్లొచ్చి మాదీ అంటే? సూడమ్మా ఓపాలి" అన్నాడు. చూశాను. వేలం ప్రకటన పేపర్లో పడేలోపు బాకీ మొత్తం కడితే ఇల్లు విడిపించుకోవచ్చు. ప్రకటన పడ్డాక ఆ హక్కు లేదు. వేలం రోజు దాకా ఉంటుందని చాలామంది అనుకుంటారు. పిన్ని కూడా అలాగే విని, నిజమో కాదో కనుక్కుందామని నా దగ్గరికి వచ్చింది.

"ఏటే లాయరమ్మా, పుస్తకాల్లోనే ఉండిపోనావేటి? ఒక మాట సెప్పు. ఎలమంచిలిలో మా తమ్ముడు పొలం ఇప్పుడే అమ్మీమంటే అమ్మీస్తానన్నాడు. పంట ఇంటికొచ్చినాక అయితే మంచి రేటొస్తాదంట. ఏలం రోజు దాకా టైముంటాదా?"

"ఉంటాది పిన్నీ. కంగారేటి?"

"అమ్మయ్య! నీ సదువు మా ఇల్లు నిలబెట్టీసిందే."

అంతే. పొరపాటున అన్నానా? ఎన్నిసార్లు అలా అనుకోవాలని చూశానో. కానీ ఆ నియమం పేజీ నంబరుతో సహా నాకు గుర్తుంది. నాన్న అడగలేదు, ఎవరూ నేర్పలేదు. ఆ క్షణంలో నాకు కనిపించింది పిన్ని మొహం కాదు, కిటికీ ఉన్న ఒక గది, అందులో నా టేబులు.

ప్రకటన పడింది. పంట ఇంకా చేలోనే ఉంది. పిన్ని తమ్ముడు ఎలాగో పొలం తెగనమ్మి డబ్బు తెచ్చాడు. బ్యాంకులో టైము అయిపోయిందన్నారు. వేలంలో ఇల్లు నాన్న పాడుకున్నాడు. సామాను ఆటోకెక్కిస్తూ పిన్ని నాన్నతో, "పరాయోడి సేతికి పోలేదు, నీకొచ్చింది. అదే సాలు బావా" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. చట్టం మారిపోయి ఉంటుందని, నాకు తెలియక చెప్పానని బాబాయికి తనే సర్దిచెప్పిందట. ఆ మాట విన్నప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? విప్పలేదు.

గోడ పగలగొట్టాం. ఆవిడ పడగ్గదిలోనే చదివాను. దేవుడి పటాలున్న చోట గోడ మీద తెల్లటి చతురస్రాలు మిగిలిపోయాయి. రెండుసార్లు రంగు వేయించాను. గూడ్సు బండి వెళ్లి గోడ అదిరినప్పుడల్లా తలెత్తి అటే చూస్తాను. పటాలు పడిపోతాయేమోనని. లేని పటాలు.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమిస్తే పిన్నికి ఇల్లొస్తుందా? కానీ తెలిసే చెప్పాను అని ఇవాళ మొదటిసారి రాశాను. ఊపిరి కాస్త లోపలికి వెళుతోంది.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు: ఉక్కునగరం అత్త. నా పక్క బెంచీ లక్ష్మి. మొదటి ఏడాది ఫీజు కట్టిన పెదమావయ్య. పోర్టులో డ్యూటీలో ఉన్న నాన్న. ఆయనకి రెండు సంగతులూ చెప్పాలి, పాసయ్యాననీ, పిన్నికి తెలిసే అబద్ధం చెప్పాననీ. ఎలమంచిలిలో తమ్ముడింట్లో ఉంటున్న రమణమ్మ పిన్ని. ఆవిడకి రెండోదే ముందు.