నాగలక్ష్మమ్మ రేకు డబ్బా

నాగలక్ష్మమ్మ పొయ్యి పక్కనుండే రేకు డబ్బాను చూస్తేనే నాకు ఒళ్లు మండేది. అది దేవుడి డబ్బా. ఎసరు పెట్టే ముందు ఒక గుప్పెడు బియ్యం అందులో పడాలి. ఆదివారం దాన్ని తీసుకెళ్లి చర్చిలో గంపలో పోయాలి. ఆ పేటలో ఆడవాళ్లంతా చేసే పనే అది. ముతకా సన్నమూ కలిసిపోయిన ఆ గంపెడు బియ్యాన్ని వారం వారం కొనేది నేనే. కోసిగిలో ఆమె ఇంటి పక్కనే నా కిరాణా అంగడి. ఇడ్లీలు అమ్మేవాళ్లు ఆ బియ్యమే కావాలంటారు. దేవుణ్ణి నమ్మకపోయినా నా వ్యాపారానికి ఆయనతో పని ఉంది.

ఆమెకు అరవై దాటాయి. మొగుడు పోయేనాటికి కొడుకు నవీన్‌కు మూడేళ్లు. కంకర కొట్టి పెంచింది. వానల్లేని ఏళ్లలో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయి వచ్చేది. ఎప్పుడు పలకరించినా ఒకటే మాట, ఏ దినానిది ఆ దినం ఆయనే ఇస్తాడని. పెట్టింది ఆమె రెక్కల కష్టం, పేరేమో ఆయనకు. వింటుంటే నాకు వెగటు పుట్టేది.

పోయినేడు వాన ముఖం చాటేసింది. పేటలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. నవీన్ కూడా మిరప కోతలకు పోయాడు, నెల దాటినా ఏమీ పంపలేదు. నాగలక్ష్మమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుని కోతలకు పోలేక ఆగిపోయింది. కోడలు శిల్ప అప్పుడే ప్రసవించింది. రేషన్ కార్డులో నవీన్ పేరు ఎప్పుడో ఎగిరిపోయింది, శిల్ప పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంది. అందుకని ఒక్క మనిషికి వచ్చే బియ్యంతో ఇద్దరు బతకాలి. పాలు చాలక చంటిది గుక్కపట్టి ఏడ్చేది. ఆ ఏడుపు అంగట్లోకి వినిపిస్తే నేను టీవీ గొంతు పెంచేవాణ్ణి.

అలాంటి ఇంట్లో కూడా డబ్బాలో బియ్యం పడుతూనే ఉంది. ఒక గుప్పెడు కాదు, ఆ వారం రోజూ రెండు గుప్పిళ్లు పడడం పిట్టగోడ మీదుగా నా కళ్లతో చూశాను. ఇక పట్టలేకపోయాను.

“బాలింత కడుపు మాడ్చి దేవునికి పెడతాండావు. నీది మనిషి పుటకేనా?” అన్నాను.

ఆమె కట్టుకట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని, ఆయన సంగతి ఆయన చూసుకుంటాడులే అంది. నేను కాండ్రించి ఉమ్మేసి వచ్చాను. కోపం చల్లారక పాస్టర్ నెహెమ్యా ఇంటికి పోయి, ముసలిదాని గంజి లాక్కుని తినే బతుకూ ఒక బతుకేనా అని నలుగురిలో కడిగేశాను. తేవద్దని తను ముందే చెప్పానని, ఆమె వినలేదని ఆయన నెమ్మదిగా అన్నాడు. దొంగ వినయం అనుకున్నాను.

ఆదివారం ఎప్పటిలాగే గోతం తీసుకుని చర్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గంపలో బియ్యం పోస్తున్నారు. నాగలక్ష్మమ్మ వంతు వచ్చింది. డబ్బా బోర్లించింది. ఒక్క గింజ రాలలేదు. వెనక శిల్ప బిడ్డను గుండెకు హత్తుకుని తల దించేసింది.

“ఈ వారం దేవుడు మా ఇంట్లోనే తిన్నాడయ్యా” అంది నాగలక్ష్మమ్మ పాస్టరుతో.

బయటికి వచ్చాక అడ్డం నిలబడి అడిగాను. ఆమె దాచలేదు. తను కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి పోయిన రోజు శిల్ప ఆకలికి తాళలేక డబ్బాలో బియ్యం తీసి వండుకుందట. డబ్బా తేలికైందని ఆమెకు ఆ పూటే తెలిసిపోయింది.

“తినుమని చెప్తే అత్త తినల్యాదని అదీ తినదు. ఎవురూ చూడల్యాదనుకుంటే తింటాది. అందుకే నా పాలు బియ్యం గూడా డబ్బాలో ఏసి, దినామూ కట్టెలకని బయటికి పోతాంటి.”

“మరి నువ్వేం తింటివి?”

“ఆయన్ని అడుగుతాంటి. నేను ప్రార్థన చేసే యాళకే దినామూ నీ అంగడి తలుపు చప్పుడయ్యేది, సుంకప్పా. ఇంక నువ్వు బియ్యం తెస్తాండావు అనుకుంటాంటి.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. నా అంగట్లో గోడవారన పదకొండు బియ్యం మూటలున్నాయి. తలుపు తీయగానే ముందు కనిపించేవి అవే. వారమంతా ఆమెనూ పాస్టరునూ దేవుణ్ణీ అసహ్యించుకున్నాను గానీ, ఆ మూటల్లో ఒకదాని మూతి విప్పాలని నాకు తోచలేదు.

గంప బియ్యం కొనకుండానే వచ్చేశాను. ఒక మూట భుజానికెత్తుకుని పోయి ఆమె వాకిట్లో దించాను. నన్ను చూసి నాకే రోత పుట్టి తల ఎత్తలేకపోయాను. ఆమె నాకు దండం పెట్టలేదు. ఇన్నాళ్లకు వచ్చావా అనీ అనలేదు. ఒంటి చేత్తో మూట విప్పి, మొదటి గుప్పెడు తీసి డబ్బాలో వేసింది.