కడుపునొప్పి ఇప్పించిన ఉద్యోగం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, సముద్రం పాయలైన సంగతి విన్నారు, కోట గోడలు కూలిన సంగతి విన్నారు, ఇప్పుడు మీరు వినబోయే సాక్ష్యం ఆ వరుసలో నిలబడేది! అని మొదలుపెట్టమని మా అమ్మ చెప్పింది. నిజానికి ఏ సముద్రమూ పాయలవ్వలేదు, మా కళింగపట్నం సముద్రం తన పని తాను చూసుకుంది. నాకు కడుపునొప్పి వచ్చింది, తగ్గింది, దానివల్ల ఉద్యోగం వచ్చింది. అంతే. అయినా దేవునికే మహిమ, ఎందుకంటే ఆ 'అంతే' దగ్గరికి రావడానికి మా ఇంట్లో అందరి మోకాళ్లూ అరిగిపోయాయి.

ఆ చీకటి రోజుల్లో నేను ఆరో తరగతి. నాన్న నన్ను ఊళ్లో బడి మాన్పించి శ్రీకాకుళంలో ఇంగ్లీషు మీడియంలో వేశాడు, రోజూ పొద్దున్న బస్సు హారన్ మోగడం, నా కడుపు మెలిపెట్టడం ఒకేసారి జరిగేవి. స్కానింగులు తీసి కడుపులో కడుపే ఉందన్నారు. పక్కింటి మామ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది, విశ్వాసురాలైన మా అమ్మ అది చూడకుండా గోడవైపు తిరిగి నిలబడింది, కానీ వద్దనలేదు! శుక్రవారం ఉపవాస ప్రార్థనలో స్త్రీల సమాజమంతా నా మీద చేతులుంచి, బయటికి రమ్మని అపవాదిని గద్దించారు, బయటికి వచ్చింది మాత్రం పొద్దున్న తిన్న ఉప్మా. నవ్వకండి, దేవుడు ఆ ప్రార్థన విన్నాడు, జవాబు ఆదివారానికి పంపాడు.

ఆ ఆదివారం సండేస్కూలు పిల్లలం సంఘం ముందు నిలబడి కంఠత వాక్యాలు చెప్పాలి. బద్ధకస్తులైన పిల్లలందరికీ తెలిసిన వాక్యం ఒకటుంది, ప్రభువు ఏడ్చాడని చెప్పేది, అన్నిటికంటే పొట్టిది. అదే పట్టుకుని వెళ్లాను. జనాన్ని చూశాను. వాక్యం రాలేదు, ఏడుపు వచ్చింది. వెనక బెంచీలోంచి మా మావ, "ఒరే, సెప్పమంటే సేసి సూపిస్తన్నాడేటిరా ఈడు!" అన్నాడు. సంఘమంతా నవ్వింది. మా పాస్టరు అయ్యగారు కూడా నవ్వారు, అబద్ధమెందుకు? కానీ ఆరాధన అయ్యాక వచ్చి మెట్టు మీద నా పక్కన కూర్చున్నారు.

"ఇప్పుడు నొప్పెడతందేటిరా?"

"ఎడతంది, అయ్యగారూ."

"అందరూ నవ్వినప్పుడు మొదలైందేటి?"

"ఆఁ."

"మరి బళ్లో ఎవులు నవ్వుతున్నారు?"

అంతవరకూ ఎవరూ అడగని మాట! బళ్లో నన్ను నిలబెట్టి ఇంగ్లీషు పాఠం చదివించేవారు, క్లాసు పడీ పడీ నవ్వేది. అయ్యగారు తన మోపెడ్ మీద బడికొచ్చి మా మాస్టారితో మాట్లాడారు, కొన్నాళ్లు కూర్చునే చదవనిచ్చారు, నొప్పి తగ్గింది. మెరుపు మెరిసినట్టేం కాదు, జలుబు పోయినట్టు పోయింది, ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

డిగ్రీలో ఉండగా తెలిసింది, పిల్లల్ని ఇలా కూర్చోబెట్టి అడగడానికి జీతమిచ్చే ఉద్యోగం ఒకటుందని, దాన్ని స్కూల్ సైకాలజిస్ట్ అంటారని! అదే కావాలన్నాను. మావ ఊరుకుంటాడా?

"పిచ్చోల్లతోటి ఉంటే నువ్వూ అలాగే అయిపోతావురా. డీయస్సీ రాసుకో."

"అయిపోతే నీకు తేడా తెలుస్తాదేటి మావా?"

ఎమ్మే సైకాలజీ అయ్యింది, కౌన్సెలింగ్ కోర్సు అయ్యింది, ఉద్యోగం మాత్రం అవ్వలేదు. ఏ బడి గుమ్మం ఎక్కినా "మా పిల్లలకి అలాంటివేం లేవండీ" అని టీ ఇచ్చి పంపేవారు. చాలా టీ తాగాను. ఇంట్లో అమ్మ ప్రార్థన గోడ అవతలికి వినబడేది: "తండ్రీ, ఆడికి ఏ ఉజ్జోగమైనా పర్లేదయ్యా, ఏదో ఒకటియ్యి... కానీ ఆడడిగిందే ఇయ్యి!"

ఇచ్చాడు సహోదరులారా, తన పద్ధతిలో ఇచ్చాడు! విజయనగరంలో ఒక బడివాళ్లు వేసవి దాకా చూస్తామన్నారు, ఉపయోగం కనబడితే ఉంచుతారు, లేకపోతే మళ్లీ టీలు. ఆటసామాన్ల గదిలో, గాలిపోయిన బంతుల మధ్య నాకో కుర్చీ వేశారు. నా దగ్గరికొస్తే పిచ్చనుకుంటారని ఒక్క పిల్లా రాలేదు. ఎలాగూ ఖాళీయే కదా అని ప్రిన్సిపాల్ మేడమ్ సముద్రం వైపు ఊళ్లకు వెళ్లే బస్సులో డ్యూటీ వేశారు. ఆ బస్సులో నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, ఎమ్మే చదివించింది తలలు లెక్కపెట్టడానికా?" జవాబు రాలేదు. తలలు లెక్కపెట్టాను. సోమవారాలు ఒక తల తగ్గుతోంది.

ఆ తగ్గే తల ఒక పాపది, పేరు చెప్పను. మన ప్రార్థన మనవుల్లా ఊరంతా చెప్పుకోవడం మా వృత్తిలో కుదరదు, తనూ వాళ్లమ్మా చెప్పమన్నంతే చెబుతున్నాను. సోమవారమొస్తే పాపకి కడుపునొప్పి, డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. చేపలమ్మే వాళ్లమ్మకి కోపం. "అంతా నాటకం బాబూ! ఆదోరం నాతోటి సేపలు కోసినంతసేపూ బాగానే ఉంటాది!" నేను పాపకి నా వాక్యం కథ చెప్పాను, కడుపు పట్టుకుని నవ్వింది. అప్పుడడిగాను, నిన్ను చూసి ఎవరు నవ్వుతున్నారమ్మా అని.

"నవ్వరు సార్. ముక్కు మూసుకుంటారు."

ఆదివారం చేతులకంటిన చేపల వాసన సబ్బుకి లొంగదు, సోమవారం బస్సెక్కేదాకా తోడొస్తుంది. నాకు ఇంతకంటే చెప్పక్కర్లేదు కదా!

ఆ తర్వాతి సోమవారం బస్సులో పాప పక్కన కూర్చుని, ఆదివారం ఇంటికెళ్లి తెచ్చుకున్న మా అమ్మ ఎండుచేపల కూర క్యారేజీ మూత తీశాను. బస్సు గగ్గోలెత్తింది.

"సార్, కంపు! ఎవులిది సార్?"

"నాదేరా. మా అమ్మొండింది. ముద్ద కావాలేటి?"

ముందు సీటువాడు ముక్కు వదిలి చెయ్యి చాపాడు. పాప కిటికీవైపు తిరిగి నవ్వుకుంది. ఆ తర్వాత క్లాసు టీచరుతో మాట్లాడటం, ముక్కులు మూసుకున్నవాళ్లతో విడివిడిగా కూర్చోవడం, అదంతా చాలా రోజుల పని, సాక్ష్యంలో బాగోదని వదిలేస్తున్నాను. సోమవారాల తల మాత్రం తగ్గడం మానేసింది, వేసవికి మేడమ్ నన్ను పిలిచి, "ఉండండి సార్, బస్సు డ్యూటీ మాత్రం మానకండి" అన్నారు. నేను విసుక్కున్న ఆ బస్సులోనే నా పిలుపును దాచిపెట్టిన దేవునికి వేలాది స్తోత్రాలు!

సహోదరులారా, ఎప్పుడు సముద్రం పాయలవుతుందా అని మీరు దూరంగా చూస్తుంటారు, ఆయన వచ్చి మెట్టు మీద మీ పక్కనే కూర్చుని ఉంటాడు, నమ్మి ఆయనతో చెప్పుకోండి. మీ ఇంట్లో కడుపునొప్పి పిల్లలుంటే ముందు డాక్టరుకి చూపించండి, తర్వాత నా దగ్గరికి తీసుకురండి. ఇవాళ మాత్రం వద్దు, రేపు సోమవారం, బస్సు ఆరుంబావుకే బయల్దేరుతుంది.