చేపల కూర కోసం సమ్మె

మా నాన్న, పెదనాన్న ఒకే వరండాలో పక్కపక్కన కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. ఒకే పేపరు పంచుకుని చదివేవారు. కానీ మాట్లాడుకునేవారు కాదు. రొయ్యల చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ ఏ మూల పెట్టాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, అక్కడితో మాటలు ఆగిపోయాయి. నేనప్పుడు రెండో తరగతి. వాళ్ల మధ్య కబుర్లు మోసే పని నాకు పడింది.

“మీ నాన్నకి బుర్రంటూ ఉంటే ఇవాళ మేత తగ్గించమని చెప్పమ్మా,” అనేవారు పెదనాన్న, పక్క కుర్చీలో ఉన్న తమ్ముడికి బాగా వినిపించేలా.

నేను నాన్న వైపు తిరిగేదాన్ని. “మబ్బుగా ఉంది కదా, మేత కాస్త తగ్గిస్తే మంచిదేమో అంటున్నారు నాన్నా.”

నాన్న రెండూ వినేవారు. జవాబు మాత్రం నా మాటకే ఇచ్చేవారు. “సరేనని చెప్పు.”

ఒకసారి నాకు జ్వరమొస్తే ఆ పని చెల్లెలు చేసింది. విన్నది విన్నట్టు ఒప్పజెప్పేసింది. సాయంత్రానికల్లా వరండాకి అడ్డంగా తడిక లేచింది. నేను మంచం దిగాకే దాన్ని విప్పారు. అందరి ఇళ్లూ ఇలాగే ఉంటాయనుకుంటూ పెరిగాను.

భీమవరంలో ఇంజనీరింగ్‌లో చేరాను. హాస్టల్ గేటు ముందునుంచి చేపల లారీలు ఐసు నీళ్లు కార్చుకుంటూ రోజంతా పోయేవి. మెస్‌లో మాత్రం ప్రతి ఆదివారం మీల్‌మేకర్ కూరే. చివరికి పిల్లలకి ఓపిక నశించింది. క్లాసులు మానేసి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి నేలమీద బైఠాయించారు.

స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకం కోసం నేనూ అప్పుడే వెళ్లాను. క్లాసులు ఎగ్గొట్టినవాళ్లతో మాట్లాడనని ప్రిన్సిపాల్ గారు. చర్చల్ని బహిష్కరించామని ఫైనలియర్ నాయకుడు. ఇంతలో ప్రిన్సిపాల్ గారి చూపు నా మీద పడింది.

“అమ్మాయ్, చేపలు కావాలంటే చేపల మార్కెట్లో చేరమను, కాలేజీ ఎందుకూ అని చెప్పు.”

నా మెడ దానంతటదే తిరిగింది. “ఇక్కడ వండితే నీచు వాసనొస్తుందేమోనని సార్ ఆలోచిస్తున్నారండి.”

“ఆయన సెంటు వాసన మేం భరించట్లేదా అని అడుగు,” అన్నాడు నాయకుడు.

“వెనక షెడ్డులో వండితే ఇటు రాదంటున్నారు సార్.”

ప్రిన్సిపాల్ గారు గడ్డం రుద్దుకున్నారు. “షెడ్డు మీద రేకులు లేవు కదా, మరి వానొస్తే ఏంటని అడుగు.”

ఎవరో నాకు మధ్యలో కుర్చీ వేశారు. టీలు వచ్చాయి. వాళ్లని తాగమని ఆయన నాకు చెప్పారు, తాగుతామని వాళ్లూ నాకే చెప్పారు. మధ్యాహ్నానికి ఆదివారం చేపల కూర ఖాయమైంది. నువ్వేమంటావని మాత్రం నన్నెవరూ అడగలేదు. నిజానికి చేప తింటే నాకు ఒళ్లంతా దద్దుర్లు.

ఆ నెలలోనే నన్ను స్టూడెంట్ ప్రెసిడెంట్‌ని చేసేశారు. నా పేరు ఎవరిచ్చారో కూడా తెలీదు. చప్పట్లు కొడుతుంటే సంతోషం కంటే భయమే ఎక్కువేసింది. అప్పటిదాకా నా సొంత మాటంటూ ఒక్కటీ నేను బయట అని ఎరగను.

మొదటి చేపల ఆదివారం ప్రిన్సిపాల్ గారు కూడా మెస్‌కి వచ్చి, నాయకుడి ఎదురుగా కూర్చున్నారు. కూర బాగా కుదిరింది. అతను ఆవురావురుమంటూ తింటుంటే కాసేపు చూసి, “ముళ్లు చూసుకుని తిను నాయనా,” అన్నారు.

నాయకుడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు, ఇప్పుడు నేనేదో చెప్పాలన్నట్టు. నేను మజ్జిగన్నం కలుపుకుంటున్నాను.

“మీతోనే అన్నారండి,” అన్నాను.