చేపల మందు

ఆఖరిసారి పనికి వెళ్ళిన పొద్దున కూడా ఏసుపాదం మండవల్లి చెరువుగట్టున కూర్చుని, చేపలకిచ్చే యాంటీబయాటిక్ పొడిని వట్టి చేతులతోనే తవుడులో కలిపి, చిల్లుల సంచులకెత్తి, పడవలో వెళ్ళి చెరువులో పాతిన గెడలకు మేతగా కట్టి వచ్చాడు. తనకు ఒళ్ళు వెచ్చబడినా, కడుపు చెడినా ఆ పొడే చిటికెడు నీళ్ళలో కలుపుకుని తాగడం పదేళ్ళ అలవాటు.

“అది చేపలదండీ,” అని భార్య కరుణమ్మ మొత్తుకునేది.

“నేను మాత్రం నీళ్ళలో బతకట్లేదేంటే,” అనేవాడు నవ్వుతూ.

ఆ సాయంత్రం మూత్రంలో మంటతో వణుకు జ్వరం పట్టుకుంది. ఏలూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు మందులు మార్చి మార్చి ఎక్కించారు. ఏదీ పనిచెయ్యలేదు. పదో రోజు పోయాడు.

చెరువు నీళ్ళే చంపాయనుకుంది కరుణమ్మ. మూత్రంలోకి చేరి ఆయన్ని చంపిన సూక్ష్మజీవి చెరువుది కాదనీ, ఏ హానీ చెయ్యకుండా ఎన్నాళ్ళుగానో ఆయన పేగుల్లోనే ఉన్నదనీ, ఆయన తాగిన పొడితోనే మందులకు లొంగకుండా తయారైందనీ డాక్టరు చెప్పేటప్పటికి, ఆమె శవాన్ని తీసుకెళ్ళే కాగితం మీద వేలిముద్ర వేస్తోంది.