తలుపు మీద సుద్దగుర్తు

మా రైల్వే వర్క్‌షాపులో ఒక పద్ధతుంది. బోల్టు బిగించి, సరిగ్గా ఉందని చూసుకున్నాక, దాని పక్కన సుద్దముక్కతో ఎవరి గుర్తు వాళ్ళు వేయాలి. నాది కత్తెర గుర్తు. నా నేస్తానిది సున్నా, అందులో రెండు అడ్డగీతలు. ఇంట్లో కుళాయి బిగించినా వాడి చెయ్యి ఊరుకోదు. తన పెళ్ళిలో గాడిపొయ్యి మీది డేగిసాకి కూడా గుర్తేసిన ఘనుడు.

డార్జిలింగ్ పై కొండల్లో వసంతంలో ఎర్రగా పూసే గురాస్ పూలు చూడాలని ఇద్దరం పదేళ్ళు కలలు కన్నాం. చూస్తే ఇద్దరం కలిసే చూడాలని ఒట్టు కూడా వేసుకున్నాం. రోజూ పొద్దున్నే మేముండే ట్రాఫిక్ పేట నుంచి ఊరి చివర తాల్‌బగీచా దాకా నడక సాధన. కిందటేడు ఇద్దరికీ సెలవు దొరికింది. తీరా బయల్దేరే ముందు వాడొచ్చి, "మా అత్తకి బాగునేదురా, టెక్కలి ఎల్లాల. నువ్వొక్కడివీ ఎల్లిపోకు, వొచ్చేడు ఇద్దరం ఎల్దాం," అన్నాడు. నేను సెలవు రద్దు చేసుకుని వాడి పని కూడా నెత్తినేసుకున్నాను. పైగా వాళ్ళత్త పేరున అమ్మవారి గుడిలో కొబ్బరికాయ కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కొబ్బరికాయ దగ్గరే నాకు ఎక్కువ మండుతుంది.

ఈ ఏప్రిల్‌లో వెళ్ళాం. దారి పక్క పచ్చికలో ఊదారంగు పూలు, బంగాళాదుంప మళ్ళు, పొగ గూళ్ళున్న చెక్క ఇళ్ళు. మలుపు మలుపుకీ వాడు "ఓర్నాయనో, ఏటి రంగురా!" అంటుంటే నేను మురిసిపోయాను.

రెండో రోజు మధ్యాహ్నం పది గడపల ఊళ్ళో బస. చలిగాలికి తలుపు వేయబోయి, దాని బందు దగ్గర ఆగిపోయాను. చెక్క మీద వెలిసిపోయిన సుద్దతో సున్నా, అందులో రెండు అడ్డగీతలు. టీ తెచ్చిన ఇంటి దీదీ నా చూపు గమనించి హిందీలో, "పోయినేడు ఈ దాదాయే బాగు చేశారు. మళ్ళీ కిర్రుమనలేదు," అని నవ్వింది.

"ఎవుల్తోటి వొచ్చినావు?" అన్నాను వాడి వైపు తిరిగి.

"మా తోడల్లుడితోటి. ఆడు తొందరపెట్టేసినాడు. నువ్వు సూత్తే మెల్లగా నడుత్తావు..."

"మరి మీ అత్త?"

వాడు టీ గ్లాసులోకి చూశాడు. "ఆవిడకేటి, బాగానే ఉంది."

నమ్మించి గొంతు కోశాడు. అంతకన్నా ఆ 'ఓర్నాయనో'లు నన్ను కోశాయి. నా కోసం ఆశ్చర్యం నటించాడు, నేను పిచ్చివాడిలా ఆనందించాను.

మర్నాడు పొద్దున్న శిఖరం కింది వాలుకి చేరాం. వాలంతా ఎర్రగా పూసి ఉంది. పదేళ్ళు అనుకున్నది ఎదురుగా ఉంటే, నేను వాడి ముఖమే చూస్తున్నాను. ఈసారి 'ఓర్నాయనో' లేదు.

"పోయినేడు కూడా ఇలాగే ఉన్నాయేటి?" అన్నాను. ఇలా లేవురా, ఇవే బాగున్నాయని అబద్ధమాడతాడని ఆశపడ్డాను.

వాడు కొండంతా కలియజూశాడు.

"నేదురా. పోయినేడే బాగా పూసినాయి."