ఊరంతటికీ ఒకే తాళం

కదిరి బస్టాండు వెనక సందులో భారతి నడిపే ఇంటర్నెట్ సెంటరు అంతకుముందు ఎస్టీడీ బూతు. ఆ రోజుల్లో ఎవరైనా అద్దాల గదిలో నిలబడి, కువైట్‌లో ఉన్న మొగుడితో ఏడుస్తూ మాట్లాడుతుంటే భారతి రేడియో గొంతు పెంచేది. "ఆ రేడియోలో పడి నాకే ఏమీ వినపడల్యా" అని తిట్టినవాళ్లూ ఉన్నారు. నవ్వి ఊరుకునేది. ఒకరి మాట చెవిన పడితే తిరిగి ఇచ్చేయడానికి వీలుండదని ఆమెకు భయం.

ఇంటింటికీ సెల్ ఫోన్లు వచ్చి బూతు మూలపడ్డాక రెండు కంప్యూటర్లు, ఒక స్కానరు, పాసుపోర్టు ఫొటోలకని ఒక చిన్న కెమెరా కొనుక్కుంది. ఆ ఏడు వానల్లేక చెనక్కాయ పైరు నిలువునా మాడింది. పక్కనున్న ఎర్రగుంటపల్లి జనం సగానికి సగం బెంగళూరుకు కట్టడాల పనికి పోతున్నారు. రేకుల షెడ్లలో కాగితాలు నిలవవు. తడుస్తాయి, ఎలుకలు కొడతాయి. భారతి వాళ్లకొక దారి చూపింది. రేషను కార్డు, పాసుపుస్తకం, పిల్లల టీసీలు స్కాన్ చేసి ఇంటర్నెట్లో దాచుకుంటే బెంగళూరులో ఏ సెంటరుకు పోయినా తీసుకోవచ్చు. ఊరికే ఇచ్చే చోటు ఒకటుంది. అందులో ఎవరి పెట్టె వాళ్లకు. పెట్టెకొక పేరుండాలి, దాన్ని తెరవడానికి రహస్యంగా ఒక మాటుండాలి. పేరుకు బదులు ఊరి పేరు కొట్టి పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసింది. "తాళానికి మీరు మరిచిపోని మాట చెప్పండప్పా" అని అడిగింది.

వచ్చిన ప్రతివాళ్లూ అదే చెప్పారు. "చౌడేశ్వరి తల్లి పేరు పెట్టు. మా ఇలవేల్పు. ఆయమ్మ కాపలా ఉంటే ఎవుడొస్తాడు?"

ఆ ధీమా చూస్తే కాదనబుద్ధి కాలేదు. భారతి అందరికీ ఆ పేరే పెట్టింది.

ఏడో పెట్టె తిప్పమ్మది. గొర్రెలు మేపుకునే మనిషి, యాభై దాటాయి. బెంగళూరు ఆసుపత్రిలో రొమ్ములో గడ్డ కోసి తీశారు. పుండు తొందరగా మానలేదు. ఎట్లా మానుతోందో వారం వారం ఫొటో తీయించి పెట్టుకో, వచ్చినప్పుడు చూస్తానంది డాక్టరమ్మ. స్టూడియోకు పోతే మగవాళ్లు. ఇంట్లో పెట్టుకుంటే పదిమంది కళ్లు. ఊళ్లో కడుపులో గడ్డ అనే చెప్పుకుంది. మొగుడికి తప్ప అసలు సంగతి ఎవరికీ తెలియదు.

"నువ్వే తియ్యి భారతమ్మా" అంటూ, షట్టరు దించాక రవిక ముడి విప్పింది. భారతి కెమెరా తెరలో చూసిందే గాని, నేరుగా ఆ వైపు చూడలేకపోయింది. ఏ వారం ఫొటో ఆ వారం తిప్పమ్మ పెట్టెలో దాచి, కెమెరాలోది చెరిపేసేది.

ఒక మధ్యాహ్నం ఈరప్ప వచ్చాడు. తిప్పమ్మకు సొంత మరిది. ఐదో పెట్టె అతనిది. తనే తెరుస్తానని కూర్చున్నాడు.

"ఏందిక్కా ఇది? నా పాసుబుక్కు యాడికి పోయె? ఈడ రామదాసు మొగం ఉండాది!"

భారతి వచ్చి చూసింది. ఐదుకు బదులు రామదాసు పెట్టె అంకె ఆరు కొట్టాడు. తాళం అందరిదీ ఒకటే. ఆరూ తెరుచుకుంది.

ఈరప్పకు నవ్వు ఆగలేదు. "ఓరి రామదాసూ! మూడెకరాలని మీసం తిప్పుతాడు, చూస్తే ఎకరా కూడా లేదు గదక్కా! ఉండు, ఏడు కొడ్తా. దాంట్లో ఎవుడుండాడో చూద్దాం."

"వద్దప్పా, తప్పు."

"యాల తప్పు? మా ఊరోళ్లే గదా, పరాయోళ్లా?"

చౌడేశ్వరి తల్లి పేరు ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ కొడుతున్నాడు. సగం అయింది. భారతి బల్ల కిందికి వంగి ప్లగ్గు పీకేసింది.

"కరెంటు పోయింది."

ఈరప్ప తలెత్తాడు. "ఫ్యాను తిరుగుతాండాదే?"

"దానికి వేరే లైను."

"పక్క కంప్యూటరు వెలుగుతాండాది."

"దానికీ వేరే. నువ్వు రేపు రాప్పా."

"అన్నిటికీ వేరే లైన్లే. నీదేమన్నా సబ్‌స్టేషనా అక్కా!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

అతను సందు తిరగగానే భారతి అన్ని పెట్టెల తాళాలూ మార్చింది. ఒక్కొక్కరికీ కబురు పంపి, వచ్చినవాళ్లతో కొత్త మాట పెట్టించింది. తిప్పమ్మ సంత రోజు వచ్చింది. భారతి జరిగిందంతా దాచకుండా చెప్పింది.

తిప్పమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. "చూసినాడా?"

"లేదక్కా. చౌడమ్మ సాక్షిగా చూళ్లేదు."

"చూసింటే నేను వానికి ముద్ద ఎట్ల పెడుదు?" అంది. "పోనీలే, నువ్వు మార్చినావు గదా. ఇంగేం?"

"ఆ కొత్త మాట ఇప్పుడు నాకు తెలుసు గదక్కా."

"నీకు తెలిస్తే ఏమి? ఫొటో తీసిందే నువ్వు."

"తీసింది నువ్వు తియ్యమంటే. తెరిచేది కూడా నువ్వంటేనే తెరవాల. రేపు ఈ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే? నాకు తెలీకుండా నువ్వే పెట్టుకో."

"నాకు అచ్చరం రాదే తల్లీ."

"చదివే పని లేదు. ఏ మీట తర్వాత ఏ మీటో గుర్తుంటే చాలు. మరిచిపోతే మాత్రం నేనూ తియ్యలేను. ఫొటోలన్నీ పోతాయి."

తిప్పమ్మ మీటల వైపు అనుమానంగా చూసింది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుంది. "ఆ తట్టు తిరుగు."

భారతి గోడ వైపు తిరిగింది. వెనక మీటలు టకటకా గట్టిగా మోగాయి.

"ఇప్పుడు మళ్లా అదే కొట్టక్కా."

మళ్లీ మోగాయి. ఆగాయి. "ఏందో ఎర్రగా రాసినాడు. నన్ను తిట్టినాడా?"

"రెండూ కలవలేదంటాడు. ఇంకోతూరి."

"ఓపికుండాలప్పా వీనితో" అని గొణుక్కుంటూ మొదలుపెట్టింది. ఎరుపు పోయేసరికి ఆమె నుదుట చెమట పట్టింది. ఆ తర్వాత సంతకు వచ్చినప్పుడల్లా ఒకసారి తెరిచి చూసుకుని, మూసి పోయేది. ఆమె దేన్ని గుర్తు పెట్టుకుందో భారతి అడగలేదు.

తిప్పమ్మ బెంగళూరు పోయిన రోజు భారతికి అదే ఆలోచన. అక్కడ ఆ కొత్త యంత్రం ముందు ఆమె వేళ్లు తడబడితే? పేదరాలికి ఇన్ని నెలల గాయం లెక్క చెప్పడానికి మరో సాక్ష్యం లేదు. తనే పట్టుబట్టి చేయించింది. అంత పట్టుదల అవసరమా అని కూడా అనిపించింది.

నాలుగో నాడు తిప్పమ్మ తిన్నగా సెంటరుకే వచ్చింది.

"ఏమాయె అక్కా?"

"నర్సు పిల్ల 'చెప్పవ్వా, నేను కొడ్తా' అనె. వద్దంటి. డాక్టరమ్మను లేపి ఆమె కుర్చీలో కూసుంటి. ఆ తట్టు తిరుగు తల్లీ అంటి."

"డాక్టరమ్మనా!"

"తిరిగె. మంచి మనిషి."

"తెరుచుకున్యాదా?"

"ఒకతూరి తిట్టినాడు. రెండోతూరి తెరిచినాడు. అన్నీ చూసి, బాగా మానింది, ఇంగ ఆర్నెల్లకు రా అనె." కుర్చీలో కూర్చుంది. "తిరుగు."

భారతి గోడ వైపు తిరిగింది. మీటలు మోగాయి.

"ఇంగ ఈ పక్కకు తిరుగు. చూడు."

భారతి ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత తిరిగి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. తను తీసిన ఫొటోలే. మొదటిదాంట్లో ఎర్రగా విచ్చుకున్న గాయం, చివరిదాంట్లో తెల్లబడుతున్న సన్నటి గీత. తిప్పమ్మ వేలు తెర మీద పెట్టి వారం వారం చూపిస్తూ పోయింది.

"ఈ వారం చీము పోయె. ఈడ నొప్పి తగ్గె. ఆ పొద్దు నీ చెయ్యి వణికె, చూడు, ఫొటో అంతా అలికినట్టుండాది."

"అవునక్కా, వణికింది" అంది భారతి, తెర మీది నుంచి చూపు తిప్పుకోకుండా.