అచ్చాయమ్మగారి గది

అమలాపురం కాలేజీలో సూర్యనారాయణ ఎప్పుడూ వీధి కనిపించే బెంచీ చివరే కూర్చుంటాడు. పాఠం జరుగుతున్నంతసేపూ కాలు ఊగుతూనే ఉంటుంది. ఎరిగినవాళ్లెవరైనా వస్తున్నారేమోనని కళ్లు బయటే తిరుగుతాయి. హాస్టలంటే కొబ్బరాకుల పాక, పైనుంచి పాములు దిగుతాయి. ఊళ్లో గది అడిగితే, కిరస్తానం కూలివాళ్ల పిల్లాడని తెలిసి ప్రతి ఇంటివాళ్లూ తలుపేసుకున్నారు. చివరికి అచ్చాయమ్మగారు పేరొక్కటే అడిగింది. "సూర్యభగవానుడి పేరు. ఇంకేం కావాలి నాయనా?" అని తాళంచెవి చేతిలో పెట్టింది. మిగతాదంతా ఆవిడే అనుకుంది, అతను అనుకోనిచ్చాడు. అప్పట్నుంచి ఆదివారం ప్రార్థనకు పోవడం మానేశాడు. నడిచేటప్పుడు నాలుగడుగులకోసారి వెనక్కి చూసుకోవడం అలవాటైంది.

ఒక మధ్యాహ్నం అతను కాలేజీ నుంచి వచ్చేసరికి, తల్లి రాహేలు కూలిగింజలు దంచిన బియ్యం మూటతో అచ్చాయమ్మగారి వాకిట్లో నిలబడి ఉంది. కొడుకు మొహం పాలిపోవడం చూసింది.

"ఎవరే నువ్వు?" అంది అచ్చాయమ్మగారు.

"అబ్బాయిగారి పొలంలో పన్జేస్తానండి. బియ్యం ఇచ్చి రమ్మని అమ్మగారు పంపేరండి," అంది రాహేలు.

"మీ మనిషేనా నాయనా?"

నిజం చెబితే సాయంత్రానికి మళ్లీ ఆ పాకలోనే పడుకోవాలి. పరీక్షలు దగ్గరకొచ్చాయి.

"ఆయ్," అన్నాడు సూర్యనారాయణ.

"పాపం, ఎండనపడి వచ్చింది," అని అచ్చాయమ్మగారు లోపల్నుంచి చెంబు తెచ్చింది. రాహేలు మెట్టు దిగి, వంగి దోసిలి పట్టింది. ఆవిడ ఎత్తు నుంచి పోసిన నీళ్లు కొడుకు వైపు చూడకుండా తాగింది.